చిన్న వ్యాపారంలో కాగితాన్ని తగ్గించే పని ఎక్కడ మొదలుపెట్టాలి

కాగితం లేని ఆఫీసు కావాలనుకున్న చిన్న వ్యాపారులు చాలామంది ముందుగా స్కానర్ కొంటారు. బీరువాల్లోని పాత ఫైళ్లన్నీ కిందికి దింపి, ఒక్కొక్క కాగితాన్నీ స్కాన్ చేయించడం మొదలుపెడతారు. కొన్ని వారాలు గడిచేసరికి రోజువారీ పని వెనకబడుతుంది, స్కాన్ చేసిన వాటికి పేర్లు పెట్టే తీరిక ఎవరికీ దొరకదు, చివరికి కంప్యూటరులో వరుస సంఖ్యలు తప్ప మరో గుర్తు లేని ఫైళ్లు వేల కొద్దీ పోగుపడతాయి. ఈలోగా ప్రింటరు నుంచి కొత్త కాగితం ఎప్పటిలాగే వస్తూనే ఉంటుంది. ఈ వరుసను పూర్తిగా తిరగేయాలని నా సలహా: ముందు ఆఫీసులో కొత్త కాగితం పుట్టకుండా చూసుకోవాలి, తరువాత బయటి నుంచి తప్పనిసరిగా వచ్చే కాగితాన్ని వచ్చిన రోజే ఫైలుగా మార్చే అలవాటు చేసుకోవాలి, పాత బీరువాల జోలికి అన్నిటికన్నా చివర వెళ్లాలి.

ఈ ఆశ కొత్తది కాదు. 1975 జూన్‌లో అమెరికాలోని బిజినెస్ వీక్ పత్రిక రాబోయే కాలపు ఆఫీసు గురించి రాస్తూ, పత్రాలను తెర మీదికే పిలిపించుకుని చూసుకునే రోజు వస్తుందని జెరాక్స్ పరిశోధన కేంద్రానికి అధిపతిగా ఉన్న జార్జ్ పేక్ చెప్పిన మాటలను ప్రచురించింది. తెరలు నిజంగానే వచ్చాయి, కానీ వాటి పక్కనే చవకైన ప్రింటర్లు కూడా వచ్చాయి. ఒక పత్రాన్ని పది ప్రతులు తీయడం అంతకు ముందెన్నడూ లేనంత సులువు కావడంతో ఆ తరువాతి రెండు దశాబ్దాల్లో ఆఫీసుల్లో కాగితం వాడకం తగ్గకపోగా పెరిగింది. పని జరిగే పద్ధతిని మార్చకుండా యంత్రాన్ని మాత్రమే మార్చినందువల్ల వచ్చిన ఫలితం ఇది, చిన్న ఆఫీసులో కూడా ఇదే పునరావృతమయ్యే అవకాశం ఎక్కువ.

ఒక వారం కాగితాన్ని గమనించడం

ఏ పరికరమూ కొనకముందే ఒక వారం రోజులపాటు ఆఫీసులోకి వచ్చిన, ఆఫీసులో పుట్టిన ప్రతి కాగితాన్నీ ఒక నోటు పుస్తకంలో రాసిపెట్టండి. అది ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరి చేతికి వెళ్లింది, దాని మీద ఎవరు సంతకం చేశారు, చివరికి ఏ ఫైల్లోకి చేరింది, దాన్ని మళ్లీ తీసి చూడవలసిన అవసరం ఎప్పుడు వస్తుంది అన్న అయిదు వివరాలు చాలు. వారం చివర ఆ పుస్తకం చూస్తే కాగితాలు మూడు రకాలుగా విడిపోతాయి. సరఫరాదారుల బిల్లులు, ప్రభుత్వ ఉత్తరాలు వంటివి బయటి నుంచి వచ్చినవి. డెలివరీ చీటీలు, చిల్లర ఖర్చుల వోచర్లు వంటివి చేత్తో రాసినవి. మూడవ రకం మీ కంప్యూటరులోనే పుట్టి, ప్రింటు అయి, సంతకం కోసం ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు వెళ్లి, మళ్లీ ఫైల్లోకి చేరినవి.

ఈ మూడవ రకం గురించి కొంచెం ఎక్కువగా ఆలోచించాలి, ఎందుకంటే అది పూర్తిగా మీ చేతిలో ఉన్నది. కొనుగోలు ఆర్డరును కంప్యూటరులో తయారుచేసి, యజమాని సంతకం కోసం ప్రింటు తీసి, సంతకమైన ప్రతిని స్కాన్ చేసి ఈమెయిల్లో పంపి, ఆ తరువాత ప్రింటును ఫైలు చేసే ఆఫీసులు ఎన్నో ఉన్నాయి. ఇక్కడ నిజంగా కావలసింది కాగితం కాదు, 'యజమాని ఒప్పుకున్నారు' అన్న ఆధారం. ఆ ఆధారం ఒక ఈమెయిల్ జవాబులో ఉండవచ్చు, లెక్కల సాఫ్ట్‌వేరులోని ఆమోదం మీటలో ఉండవచ్చు, అందరూ చూడగలిగే ఒక పట్టికలో తేదీతో సహా నమోదై ఉండవచ్చు. ప్రతి ప్రింటు దగ్గరా 'ఈ సంతకం ఎవరి కోసం, అది లేకపోతే ఎవరు అభ్యంతరం చెబుతారు' అని అడగండి. జవాబు దొరకని చోట ఆ ప్రింటును నిస్సంకోచంగా మానేయవచ్చు.

బయటి నుంచి వచ్చే కాగితంలో కూడా చాలా భాగాన్ని అడిగి మాన్పించవచ్చు. బిల్లుల కోసమే ప్రత్యేకంగా ఒక ఈమెయిల్ చిరునామా తెరిచి, ఇకమీదట బిల్లులన్నీ దానికే పీడీఎఫ్ రూపంలో పంపమని సరఫరాదారులందరికీ ఉత్తరం రాయండి. ఆ చిరునామా వ్యాపారం పేరున ఉండాలే తప్ప ఏ ఉద్యోగి సొంత పేరునా ఉండకూడదు, లేకపోతే ఆ ఉద్యోగి సెలవు పెట్టిన రోజున బిల్లులూ సెలవు పెడతాయి. బ్యాంకు స్టేట్‌మెంట్లను బ్యాంకు వెబ్‌సైటు నుంచి నేరుగా దించుకోండి. అలా దించుకున్న ఫైల్లోని అక్షరాలు వెతకడానికి దొరుకుతాయి, ఫైలు చిన్నదిగా ఉంటుంది, పైగా అదే అసలు ప్రతి. దాన్ని ప్రింటు తీసి స్కాన్ చేస్తే ఈ మూడు లాభాలూ ఒకేసారి పోతాయి.

ఇక చేత్తో రాసిన చీటీల విషయంలో తొందరపడకండి. సరుకు దింపే చోట, చేతులు మురికిగా ఉండే చోట, కరెంటు నమ్మకంగా లేని చోట పెన్నూ కాగితమూ ఇప్పటికీ మంచి సాధనాలే. అక్కడ చీటీని ఉండనిచ్చి, సాయంత్రం ఆఫీసు మూసేలోపు ఆ రోజు చీటీలన్నిటినీ ఫోనుతో గాని స్కానరుతో గాని పట్టుకోవడం ఒకరి బాధ్యతగా పెడితే సరిపోతుంది.

పారేయడానికి ముందు చట్టం

ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ వాణిజ్య చట్ట సంఘం 1996లో ఎలక్ట్రానిక్ వాణిజ్యంపై ఒక నమూనా చట్టాన్ని ఆమోదించింది. ఒక సమాచారం ఎలక్ట్రానిక్ రూపంలో ఉందన్న ఒక్క కారణంతో దానికి చట్టబద్ధత లేదనకూడదు అన్నది అందులోని మూల సూత్రం. చాలా దేశాలు ఆ నమూనాను అనుసరించి తమ చట్టాలు రాసుకున్నాయి, కానీ ప్రతి దేశమూ తనకు కావలసిన మినహాయింపులు పెట్టుకుంది. ఆస్తి దస్తావేజులు, వీలునామాలు, ప్రామిసరీ నోట్లు వంటివి చాలాచోట్ల ఈ మినహాయింపుల్లోకి వస్తాయి. కాబట్టి వాటిని స్కాన్ చేసుకున్నా అసలు కాగితాన్ని భద్రంగా దాచవలసిందే.

మీ ఆడిటరునూ న్యాయవాదినీ మూడు ప్రశ్నలు రాతపూర్వకంగా అడిగి, జవాబులు రాతపూర్వకంగానే తీసుకోండి. ఏయే పత్రాల అసలు ప్రతి కాగితం మీదే ఉండాలి? మిగిలిన వాటిని ఎన్నేళ్లు ఉంచాలి, ఆ ఏళ్లను ఏ తేదీ నుంచి లెక్కపెట్టాలి? స్కాన్ చేసిన ప్రతిని అధికారులు అంగీకరించాలంటే పాటించవలసిన షరతులు ఏవి? రెండవ ప్రశ్నలోని 'ఏ తేదీ నుంచి' అన్న భాగాన్ని చాలామంది మరచిపోతారు. గడువు బిల్లు తేదీ నుంచి కాక ఆర్థిక సంవత్సరం ముగింపు నుంచో, రిటర్ను దాఖలు చేసిన రోజు నుంచో మొదలైతే, దాదాపు ఒక సంవత్సరం తేడా వచ్చి, ఉంచవలసిన కాగితాలు ముందే ముక్కలైపోతాయి.

పేర్లు పెట్టే పద్ధతి

నా అనుభవంలో ఈ పని నిలబడటమూ కూలిపోవడమూ ఫైళ్ల పేర్ల మీదే ఆధారపడి ఉంటుంది. బీరువాలోని కాగితం కనిపించకపోతే కనీసం ఆ సంవత్సరపు కట్ట విప్పి వెతకవచ్చు, కానీ తప్పు పేరుతో దాచిన ఫైలు కంప్యూటరులో ఉండీ లేనట్టే.

తేదీని పేరు మొదట్లో, సంవత్సరం-నెల-రోజు వరుసలో రాయండి. 2024-03-07 అన్న ఈ పద్ధతిని ఐఎస్ఓ 8601 అనే అంతర్జాతీయ ప్రమాణం నిర్దేశిస్తుంది. దీని ఉపయోగం ఏమిటంటే, కంప్యూటరు ఫైళ్లను పేరు ప్రకారం అమర్చినా అవి కాలక్రమంలోనే నిలబడతాయి. తేదీ తరువాత పార్టీ పేరు, పత్రం రకం, దాని సంఖ్య రావాలి. ఇక్కడి తేదీ పత్రం మీద అచ్చయిన తేదీ, మీరు స్కాన్ చేసిన తేదీ కాదు. బిల్లు సంఖ్యలో ఏటవాలు గీత ఉంటే దాని బదులు అడ్డగీత వాడండి, ఎందుకంటే విండోస్‌లో ఏటవాలు గీత, కోలన్, ప్రశ్నార్థకం వంటి తొమ్మిది గుర్తులు ఫైలు పేర్లలో చెల్లవు. 'కొత్తది', 'ఫైనల్', 'ఫైనల్ సరిచేసినది' వంటి మాటలను పేర్లలోకి రానివ్వకండి.

పార్టీల పేర్లకు ఒక జాబితా తయారుచేసి, ఆఫీసులో అందరూ అందులోని స్పెల్లింగునే వాడేలా చూడండి. తెలుగులో పేర్లు రాసే ఆఫీసుకు ఇది మరీ ముఖ్యం. ఒకరు 'ట్రేడర్స్' అనీ, మరొకరు 'ట్రేడర్సు' అనీ, ఇంకొకరు ఇంగ్లిషు లిపిలోనూ రాస్తే కంప్యూటరుకు అవి మూడు వేర్వేరు పార్టీలు, ఒకదాని కోసం వెతికితే మిగిలిన రెండూ కనిపించవు. తెలుగైనా ఇంగ్లిషైనా ఒక లిపిని ఎంచుకుని దానికే కట్టుబడండి.

ఫోల్డర్ల లోతు తక్కువగా ఉండాలి. సంవత్సరం, దాని లోపల పత్రం రకం, అవసరమైతే దాని లోపల పార్టీ, అంతకు మించి వద్దు. ఒక్కో మెట్టు పెరిగేకొద్దీ 'ఇది ఎందులోకి వెళ్లాలి' అన్న సందేహం పెరుగుతుంది, సందేహం వచ్చిన ఫైలు డెస్క్‌టాప్ మీదే ఉండిపోతుంది. ఈ పద్ధతిని ఒక్క పేజీలో రాసి ప్రతి బల్ల దగ్గరా అతికించండి. ఈ ఒక్క కాగితం మాత్రం ప్రింటు తీయదగినది.

స్కానింగ్‌లో జాగ్రత్తలు

రోజుకు పది కాగితాలలోపు వచ్చే ఆఫీసుకు మంచి వెలుతురూ ఫోనులోని స్కానింగ్ యాప్ చాలు. అంతకు మించితే కాగితాలను తనంతట తాను లాక్కునే, రెండు వైపులా ఒకేసారి చదివే స్కానరు కొనడం మంచిది, ఎందుకంటే ఒక్కొక్క కాగితాన్నీ అద్దం మీద పెట్టవలసి వస్తే ఆ పని నెల తిరగకుండానే వాయిదా పడటం మొదలవుతుంది. మామూలు బిల్లులకూ ఉత్తరాలకూ అంగుళానికి 300 చుక్కల స్పష్టత సరిపోతుంది. ఆ స్పష్టతలో ఏ4 కాగితం 2480 అడ్డం, 3508 నిలువు పిక్సెళ్ల బొమ్మ అవుతుంది. రంగుల్లో కుదించకుండా ఉంచితే అది దాదాపు 26 మెగాబైట్లు, కాబట్టి కుదింపు తప్పదు, అయితే ఆ కుదింపు విషయంలోనే ఒక ప్రమాదం ఉంది.

2013లో డేవిడ్ క్రీజెల్ అనే జర్మన్ కంప్యూటర్ శాస్త్రవేత్త ఒక భవనం ప్లానును స్కాన్ చేసినప్పుడు, మూడు గదుల విస్తీర్ణాలు 14.13, 21.11, 17.42 చదరపు మీటర్లుగా ఉండవలసిన చోట మూడింటిలోనూ 14.13 అనే కనిపించడం గమనించారు. ఆ యంత్రం జేబిగ్2 అనే కుదింపు పద్ధతిలో, ఒకేలా ఉన్నాయనుకున్న చిన్న చిన్న బొమ్మ ముక్కలను గుర్తించి, ఒకదాని స్థానంలో మరొకదాన్ని అతికిస్తోంది. అంకె మసకబారలేదు, చెరిగిపోలేదు, స్పష్టంగానే వేరే అంకెగా మారిపోయింది. తయారీదారు ఆ లోపాన్ని తరువాత సరిదిద్దారు గాని, లెక్కలతో బతికే వ్యాపారం ఈ సంఘటనను గుర్తుంచుకోవాలి. స్కానరు సెట్టింగుల్లో అతి తక్కువ సైజు ఇచ్చే కుదింపును ఎంచుకోకండి. యంత్రం కొన్న కొత్తలో ఓ యాభై బిల్లులను తెర మీది ప్రతితో పక్కపక్కన పెట్టి, అంకె అంకె సరిచూడండి. పాత కాగితాన్ని వెంటనే ముక్కలు చేయకపోవడానికి ఇదే నాకు అన్నిటికన్నా బలమైన కారణం.

థర్మల్ కాగితం మీద వచ్చే చిన్న రసీదులను మాత్రం ఒక్క రోజు కూడా ఆపకండి. వాటి మీద సిరా ఉండదు, వేడి తగిలితే నల్లబడే రసాయన పూత ఉంటుంది. ఎండ, వేడి, ప్లాస్టిక్ కవరు, అతికించే టేపు ఇవన్నీ ఆ అక్షరాలను మాయం చేయగలవు. పెట్రోలు రసీదును పర్సులో నెల రోజులు పెట్టుకున్న వారికి ఈ సంగతి తెలిసే ఉంటుంది.

స్కాన్ చేసిన బొమ్మలోని అక్షరాలను వెతకడానికి వీలుగా మార్చే ఓసీఆర్ సదుపాయాన్ని వాడుకోండి, అయితే దాన్ని పూర్తిగా నమ్ముకోకండి. అచ్చు ఇంగ్లిషును అది బాగా చదువుతుంది. తెలుగులో వత్తులూ గుణింతపు గుర్తులూ పైనా కిందా కలిసి ఉండటం వల్ల పొరపాట్లు ఎక్కువ, చేతిరాతలో మరీ ఎక్కువ. యూనికోడ్ (కంప్యూటర్లన్నీ ఒకేలా గుర్తించే అక్షర సంకేతాల పద్ధతి) కాని పాత తెలుగు ఫాంట్లలో టైపు చేసిన ఫైళ్లు కంటికి తెలుగుగానే కనిపించినా, వెతికే యంత్రానికి అర్థం లేని ఇంగ్లిషు అక్షరాలు మాత్రమే. అందుకే ఫైలు పేరు సరిగ్గా పెట్టడానికి ప్రత్యామ్నాయం లేదు.

ఎక్కువ కాలం దాచవలసిన వాటిని పీడీఎఫ్-ఏ రూపంలో భద్రపరచండి. 2005లో ఐఎస్ఓ 19005 పేరుతో వచ్చిన ఈ ప్రమాణంలో, వాడిన ఫాంట్లు కూడా ఫైలులోపలే ఉంటాయి కాబట్టి, ఏళ్లు గడిచాక వేరే కంప్యూటరులో తెరిచినా పత్రం అదే రూపంలో కనిపిస్తుంది. ఇందులో పాస్‌వర్డుతో తాళం వేయడానికి వీల్లేదు. రక్షణ ఫోల్డరుకూ, డిస్కుకూ ఉండాలి, ఒక్కో ఫైలుకూ కాదు. పదేళ్ల తరువాత పాస్‌వర్డు గుర్తులేని ఫైలు కాలిపోయిన ఫైలుతో సమానం.

సంతకాలు

సంతకం ఫోటోను పత్రం మీద అతికించడం డిజిటల్ సంతకం కాదు, ఆ బొమ్మను ఎవరైనా కత్తిరించి మరో పత్రం మీద పెట్టుకోగలరు. నిజమైన డిజిటల్ సంతకంలో పత్రం మొత్తం నుంచి గణితపద్ధతిలో ఒక ముద్ర తయారవుతుంది, సంతకం చేసేవారి దగ్గర మాత్రమే ఉండే రహస్య తాళంచెవితో దాన్ని సంకేత రూపంలోకి మారుస్తారు. ఆ తరువాత పత్రంలో ఒక్క అక్షరం మారినా సరిచూసేటప్పుడు తేడా బయటపడుతుంది. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు అలా వచ్చిన పత్రాన్ని ప్రింటు తీసి దాచి, ఫైలును తుడిచేయడం. ప్రింటులో ఆ ముద్ర ఉండదు, అసలు ప్రతి ఆ ఫైలే.

నకళ్లు, తాళాలు

కాగితాలు ఉన్న ఆఫీసులో నిప్పు అంటుకుంటే ఒక గది పోతుంది. కాగితాలు లేని ఆఫీసులో ఒక్క డిస్కు చెడిపోతే మొత్తం పోవచ్చు. అందుకని మూడు నకళ్లు, రెండు వేర్వేరు రకాల సాధనాల మీద, వాటిలో ఒకటి ఆఫీసుకు దూరంగా ఉండాలన్న పద్ధతి స్థిరపడింది. ఒక నకలును పని లేనప్పుడు కంప్యూటరు నుంచి విడదీసి ఉంచండి, ఎందుకంటే ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్‌లు ఆ సమయంలో తగిలించి ఉన్న డిస్కులనన్నిటినీ పాడుచేయగలవు. క్లౌడ్ ఫోల్డరుతో సమం చేసుకోవడం ఒక్కటే నకలు కిందికి రాదు: ఇక్కడ పొరపాటున తుడిచిన ఫైలు అక్కడా తుడిచిపెట్టుకుపోతుంది. మూడు నెలలకు ఒకసారి నకలు నుంచి ఏదో ఒక ఫోల్డరును నిజంగా వెనక్కి తెచ్చి, ఫైళ్లు తెరుచుకుంటున్నాయో లేదో చూడండి.

ఎవరి లాగిన్ వారికే ఉండాలి, దానికి రెండంచెల ధ్రువీకరణ (పాస్‌వర్డుతో పాటు ఫోనుకు వచ్చే కోడ్ వంటి మరో రుజువు కూడా అడిగేది) పెట్టాలి, ఉద్యోగం మానేసిన వారి లాగిన్‌ను అదే రోజు మూసేయాలి. ఏదైనా పత్రాల సాఫ్ట్‌వేరుకు చందా కట్టే ముందు, మానుకోదలచిన రోజున ఫైళ్లన్నీ మామూలు పీడీఎఫ్‌లుగా, వాటి పేర్లతో సహా బయటికి తీసుకోగలమా అని అడిగి, ప్రయోగాత్మకంగా తీసి చూడండి.

మనుషులు, పాత బీరువాలు

ఏ కాగితం ఎక్కడుందో కళ్లు మూసుకుని చెప్పగల గుమాస్తా ప్రతి పాత ఆఫీసులోనూ ఒకరుంటారు. కొత్త పద్ధతి తన అవసరం లేకుండా చేస్తుందని ఆయన భయపడితే అది సహజం. పేర్ల జాబితానూ ఫోల్డర్ల అమరికనూ ఆయన చేతే తయారుచేయించండి. ఏ పత్రాన్ని ఎవరు ఏ మాటతో అడుగుతారో బయటి నిపుణులకంటే ఆయనకే బాగా తెలుసు. లెక్కలు చూసేవారికి రెండవ తెర ఇవ్వండి: స్టేట్‌మెంటూ పద్దూ పక్కపక్కన పెట్టి సరిచూడటం ఒక్క తెర మీద కష్టం కాబట్టే చాలామంది ప్రింటు తీస్తారు. ఆ అవసరం తీరితే ప్రింటు మీద ఆంక్షలు పెట్టనక్కరలేదు.

ఆర్థిక సంవత్సరం మొదటి రోజును సరిహద్దుగా పెట్టుకోండి. ఆ రోజు నుంచి వచ్చినదంతా ఫైలు రూపంలోనే నడవాలి. అంతకు ముందువి సంవత్సరాలవారీగా పెట్టెల్లో సర్ది, ప్రతి పెట్టె మీదా అందులో ఏముందో, ఏ తేదీ తరువాత నాశనం చేయవచ్చో పెద్ద అక్షరాలతో రాయండి. వాటిలోంచి ఏదైనా అవసరపడి తీసినప్పుడు దాన్ని స్కాన్ చేసి దాచుకుంటే చాలు. ఎవరూ తీయని కాగితాన్ని స్కాన్ చేసే ఖర్చు అక్కడికి మిగిలినట్టే.

కొత్తగా స్కాన్ చేసిన కాగితాలను, చట్టం అనుమతించిన చోట, కనీసం మూడు నెలలు నెలవారీ పెట్టెలో ఉంచి, నకళ్లు సరిచూసిన తరువాతే ముక్కలు చేయండి. పొడవాటి పట్టీలుగా కోసే యంత్రం వద్దు, వాటిని ఓపికగా మళ్లీ కలపవచ్చు. అడ్డంగానూ నిలువుగానూ కోసే యంత్రాల్లో పీ-4 స్థాయి, అంటే ముక్క 160 చదరపు మిల్లీమీటర్లు మించనిది, వ్యాపార పత్రాలకు తగినది. ఏ తేదీన ఏ పెట్టె నాశనమైందో, ఎవరి సమక్షంలో అయిందో ఒక చిట్టాలో నమోదు చేయండి.

పద్ధతి పనిచేస్తున్నదో లేదో తెలుసుకోవడానికి, నెలకు ఒకసారి, ఆ ఫైలును దాచని మనిషిని పిలిచి ఒక పాత బిల్లు తీసి చూపించమనండి. రెండు నిమిషాల్లో దొరకకపోతే ఆ మనిషిని తప్పుపట్టకుండా, ఆయన ముందుగా ఏ మాటతో వెతికారో అడిగి, ఆ మాటను పేర్ల జాబితాలో చేర్చండి.